‘గుండె కూడా చూపిస్తుంది’ అని అమ్మిన బ్యాండు: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. నాలుగు నెలల కిందట స్టెంటు వేశారు. నడిచేటప్పుడు నాడి నిమిషానికి 110 దాటకుండా చూసుకోమని, అందుకు హార్ట్ రేట్ మానిటర్ కొనుక్కోమని డాక్టరు గారు చీటీ మీద రాశారు. డాబాగార్డెన్స్‌లో ఒక షాపు వాళ్లకు ఆ చీటీ వాట్సాప్‌లో పంపితే ‘దీంట్లో గుండె కూడా చూపిస్తుందండి, మీకు ఇదే సరిపోతుంది’ అని బదులు పెట్టి, 4,999 రూపాయలకు చేతి బ్యాండు ఇచ్చారు. శివాజీ పార్కులో ఎంత గట్టిగా నడిచినా అది 88 దాటడం లేదు. ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ మీద మాత్రం 118 వచ్చింది. తీసుకెళ్తే ‘అమ్మిన సరుకు వాపసు లేదని బిల్లు మీదే ఉంది, సర్వీసు సెంటరుకు ఇచ్చుకోండి’ అన్నారు. కొని 19 రోజులైంది. కేసు నిలుస్తుందా? అసలు నేను కొనాల్సింది ఏది?

జవాబు: నిలుస్తుంది. కాకపోతే ‘బ్యాండు తప్పు చూపిస్తోంది’ అన్న వాదనతో వెళ్తే చిక్కుల్లో పడతారు. ‘నేను అడిగింది ఒకటి, వీళ్లు ఇచ్చింది ఇంకొకటి’ అని వెళ్లండి. ఆ వాట్సాప్ సందేశం మీ చేతిలో ఉన్నంత కాలం మీ పక్షం గట్టిగానే ఉంటుంది.

ఈ రెండు వస్తువులకూ తేడా ఏమిటో ముందు చెప్పాలి, ఎందుకంటే కేసంతా దాని మీదే తిరుగుతుంది. మీ చేతికున్నది రోజువారీ కదలికలు లెక్కపెట్టే బ్యాండు. అడుగులు, నిద్ర, కేలరీలు ప్రధానంగా లోపలున్న యాక్సిలరోమీటర్ (కదలికను గుర్తించే సెన్సారు) పట్టిన కదలికల నుంచి కట్టే లెక్కలే. నాడి కోసం అడుగున పచ్చ లైట్లు ఉంటాయి. చర్మం కింద రక్తం పొంగినప్పుడల్లా ఆ వెలుతురు కాస్త ఎక్కువ ఇంకిపోతుంది. ఆ హెచ్చుతగ్గులను బట్టి నాడిని అంచనా వేస్తుంది. కుదురుగా కూర్చుంటే అది బాగానే పనిచేస్తుంది. చేతులు ఊపుతూ నడిచినా, పట్టీ వదులైనా, మన విశాఖ ఉక్కపోతకు చెమట పట్టి జారినా లెక్క తప్పుతుంది. ఒక్కోసారి నాడిని వదిలేసి మీ అడుగుల తాళాన్నే పట్టుకుని ఆ అంకెనే చూపిస్తుంది. పైగా బ్యాటరీ ఆదా కోసం మామూలుగా కొన్ని నిమిషాలకోసారి మాత్రమే కొలిచే బ్యాండ్లు చాలా ఉన్నాయి. వాటిలో వర్కవుట్ మోడ్ నొక్కితేనే వరసగా కొలత వస్తుంది.

డాక్టరు గారు రాసిన పనికి సరిపోయేది ఛాతీకి కట్టుకునే పట్టీ. అది గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది, అందుకే నడకలోనూ పరుగులోనూ దాని అంకె నమ్మదగినదిగా ఉంటుంది. దానికి అడుగుల లెక్క, నిద్ర లెక్క పెద్దగా పట్టవు. ఎవరికి ఏది కావాలన్నది అవసరాన్ని బట్టే తేలుతుంది. రోజుకు ఎంత నడిచామో తెలిస్తే చాలనుకునేవారికి బ్యాండు చాలు. ‘ఇంత దాటకూడదు’ అని డాక్టరు గీత గీసినవారికి పట్టీ కావాలి. మీరు ఆ గీత షాపు వాళ్లకు చూపించి మరీ అడిగారు.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) ‘లోపం’ అనే మాటకు చెప్పిన అర్థం చాలా విశాలం. వస్తువు పాడైతేనే లోపం అనుకోనక్కర్లేదు. అమ్మినవాడు ఏ రూపంలోనైనా చెప్పిన ప్రమాణం అందులో లేకపోయినా లోపమే. లేని ఉపయోగాన్ని ఉందని చెప్పి అమ్మడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. అక్కడ నోటిమాట, రాత, ఎలక్ట్రానిక్ రికార్డు మూడింటినీ కలిపే చెప్పారు. నోటిమాట నీటిమూట అంటారు గానీ, చట్టం ముందు దానికీ విలువ ఉంది, రుజువే కష్టం. మీకు ఆ కష్టం కూడా లేదు.

‘వాపసు లేదు’ అనే ముద్ర సంగతి: లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత పద్ధతే. మీ బిల్లులో గడువు లేదు, వాపసు లేదన్న మాట ఉంది. ఆ మాటను గడువు కింద చెల్లుబాటు చేసుకోలేరు కాబట్టి 30 రోజులు వర్తిస్తాయని వాదించండి. 19 రోజులు గడిచాయి, మిగిలినవి 11. ఇవాళే షాపుకు అదే వాట్సాప్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ ‘వస్తువు వెనక్కి తీసుకుని 4,999 ఇవ్వండి’ అని రాతపూర్వకంగా అడగండి. అందినట్టు రుజువు భద్రం చేయండి. మొన్న నోటితో అడిగి కాదనిపించుకున్నది లెక్కలోకి రావడం కష్టం.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 కూడా మీకు సాయపడుతుంది. కొనేవాడు తన అవసరం చెప్పి, అమ్మేవాడి తెలివిని నమ్మి కొంటే, ఆ అవసరానికి వస్తువు తగినదై ఉండాలన్న షరతు మాటల్లో లేకపోయినా ఉన్నట్టే. దీనికో మినహాయింపు ఉంది. ‘ఫలానా కంపెనీ ఫలానా మోడల్ ఇవ్వండి’ అని పేరు పెట్టి అడిగి కొన్నవారికి ఈ షరతు దక్కదు. షాపు లాయరు మొదట పట్టుకునేది ఇదే. మీరు చీటీ పంపిన తర్వాతే షాపు మోడల్ పేరు చెప్పిందని సందేశాల వరస, సమయాలతో సహా చూపించాలి. అందుకే ఒక్క సందేశాన్ని కత్తిరించి పెట్టకండి; మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం జతచేస్తే ఇంకా మంచిది. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుబట్టవు, కానీ అవతలివారు అభ్యంతరం లేవనెత్తడానికి సందు ఎందుకివ్వాలి?

పెట్టె మీద చిన్న అక్షరాల్లో ‘ఇది వైద్య పరికరం కాదు’ అని ఉండొచ్చు, చూడండి. 2020 ఫిబ్రవరి 11 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఒక వస్తువు వైద్య పరికరమా కాదా అన్నది తయారీదారు దాన్ని ఏ పనికి ఉద్దేశించాడన్న దాని మీద ఆధారపడుతుంది. షాపు వాళ్లు ఆ వాక్యం చూపించి తప్పించుకోవాలని చూస్తారు. నిజానికి అది మీకే పనికొస్తుంది. జబ్బు పర్యవేక్షణకు పనికిరాదని తయారీదారే చెప్పిన వస్తువును, స్టెంటు చీటీ చూసి కూడా ‘ఇదే సరిపోతుంది’ అని అమ్మారు కదా! పెట్టె ఆరు వైపులా ఫోటోలు తీయండి.

ఇప్పుడు మీ ఉత్తరంలోని బలహీనత. 88కీ 118కీ పోలిక నిలబడదు. రెండూ వేర్వేరు రోజులు, వేర్వేరు శ్రమ. టీఎంటీలో, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్షలో, ఎక్కువగా వాడే బ్రూస్ పద్ధతిలో మొదటి మూడు నిమిషాల వేగం గంటకు 2.7 కిలోమీటర్లే అయినా ట్రెడ్‌మిల్ 10 శాతం ఏటవాలుగా ఉంటుంది. ఆపైన మూడు నిమిషాలకోసారి వేగమూ వాలూ పెరుగుతాయి. శివాజీ పార్కు చదును బాట దానికి సాటి కాదు. ఈ పోలికను ఫిర్యాదులో పెట్టారా, దాన్ని పట్టుకునే మొత్తం కేసును తేలిక చేస్తారు.

దానికి బదులు ఒకే సమయంలో రెండు కొలతలు తీయండి. బ్యాండును మణికట్టు ఎముకకు ఒక వేలు వెడల్పు పైన బిగుతుగా కట్టి, వర్కవుట్ మోడ్ పెట్టి, మీకు అలవాటైన వేగంతోనే పది నిమిషాలు నడవండి. ఆగిన వెంటనే 15 సెకన్లపాటు నాడి లెక్కించి నాలుగుతో హెచ్చించండి. ఒక నిమిషం ఆగితే నాడి దిగిపోతుంది, ఆ లెక్క పనికిరాదు. ఇంట్లో ఎవరినైనా బ్యాండు తెర, గడియారం, మీ వేళ్లు ఒకే ఫ్రేములో పడేలా వీడియో తీయమనండి. ఇలా మూడు వేర్వేరు రోజులు. రుజువు కోసం 110 దాటేలా నడవకండి. డాక్టరు గారు మళ్లీ టీఎంటీ రాస్తే, అనుమతి తీసుకుని ఆ బ్యాండు కట్టుకునే ఎక్కండి. ఈసీజీ కాగితం మీద ప్రతి దశలో నాడి, సమయం అచ్చవుతాయి. అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు.

ఈ కొలతలు ఫోన్ యాప్ నుంచి దించుకోకముందు బ్యాండును సర్వీసు సెంటరుకు ఇవ్వకండి. అక్కడ రీసెట్ చేశారంటే సాక్ష్యం గాలికి పోతుంది. అసలు సర్వీసుకు ఇవ్వడమంటే ‘మరమ్మతు చాలు’ అని మీరే ఒప్పుకున్నట్టు వాదిస్తారు కూడా. ఇవ్వక తప్పకపోతే జాబ్ షీటు మీద ‘వాపసు కోరుతూ, అభ్యంతరంతో ఇస్తున్నాను’ అని రాయించండి.

ల్యాబు పరీక్ష గురించి బెంగ వద్దు. సాంకేతిక లోపం తేల్చాలంటే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషన్ వస్తువును సీలు చేసి ల్యాబుకు పంపగలదు, నివేదికకు 45 రోజుల గడువు ఉంటుంది. ఆ ఫీజు మీరే డిపాజిట్ చేయాలి. అయిదు వేల బ్యాండుకు అది గిట్టుబాటు కాదు. తప్పుడు మాట చెప్పి అమ్మారన్నదే మీ ప్రధాన ఆరోపణైతే ల్యాబు అవసరమే రాదు. వీడియోలు దానికి తోడు సాక్ష్యంగా ఉంటే చాలు.

స్పీడ్ పోస్టు చేరాక 15 రోజులు చూడండి. ఈలోగా 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వాళ్లకు శిక్షించే అధికారం లేదు, కానీ ఇంత చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తెగుతాయి. తెగకపోతే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువు ఉంది గానీ ఆలస్యం చేయకండి. షాపును బిల్లు మీదున్న పేరుతో, జీఎస్టీ నంబరుతో చేర్చండి. యూపీఐలో కనిపించే పేరు యజమాని సొంత పేరు కావచ్చు. పెట్టె మీదున్న తయారీదారును లేదా దిగుమతిదారును రెండో ప్రతివాదిగా పెట్టండి. నోటీసు అందిన 30 రోజుల్లో, కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి. ఆ 45 రోజులు దాటితే ఇక కుదరదని, పాత (1986) వినియోగదారుల చట్టం కింద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లోనే తేల్చింది.

ధర, దాని మీద వడ్డీ, తిరిగిన ఖర్చులు, కొద్దిపాటి నష్టపరిహారం అడగండి. ప్రాణాపాయం తప్పిందని లక్షలు రాస్తే ఫిర్యాదు బరువు తగ్గుతుందే తప్ప పెరగదు. అది వేరే కేసు: బ్యాండును నమ్మి నిజంగా హాని జరిగినవారికి 2019 చట్టంలోనే ఉత్పత్తి బాధ్యత (వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు, అమ్మకందారు బాధ్యత) కింద దారి ఉంది.

పట్టీ ఇప్పుడే కొనుక్కోండి, తీర్పు దాకా ఆగకండి. పేస్‌మేకర్ ఉన్నవారైతే ముందు డాక్టరును అడగాలి; మీకున్నది స్టెంటే కనుక మామూలుగా ఇబ్బంది ఉండదు, అయినా ఒక మాట అడిగితే పోయేదేమీ లేదు. 110 దాటగానే ఫోన్‌లో గానీ వాచీలో గానీ అలారం మోగే సదుపాయం ఉందో లేదో షాపులోనే చూడండి. గుండె సంకేతాన్ని పట్టే ఎలక్ట్రోడ్లున్న చోట నీళ్లతో తడిపి, రొమ్ముల కింద బిగుతుగా కట్టుకోవాలి. పొడిగా కడితే మొదటి కొన్ని నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లలో జాడించి ఆరేయండి, చెమట ఉప్పు పేరుకుంటే పట్టీ త్వరగా పాడవుతుంది. వారంటీ కార్డులో పట్టీకి ఎంత, సెన్సారుకు ఎంత అని విడిగా చూసుకోండి.

బిల్లు మీద ‘యాక్సెసరీ’ అని రాస్తే ఒప్పుకోకండి. వస్తువు పేరు, మోడల్, ‘నడకలో గుండె వేగం పర్యవేక్షణకు’ అన్న ముక్క రాయించుకోండి. ఆ బిల్లు నకలు కూడా ఫిర్యాదుకు జతచేయండి. మీ అవసరం మొదటి నుంచీ ఇదేనని అది చెబుతుంది.