అరుగుదల పరీక్షకు పిన్ను బిగించే ముందు

చి. శ్రావణికి, ఆశీస్సులు.

గాజు పోగులు కలిపిన ఎపాక్సీ రెజిన్ అరుగుదల మీద పని మొదలుపెడుతున్నానని రాశావు, సంతోషం. ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకో. అరుగుదల అనేది సాంద్రతలాగా పదార్థానికి మాత్రమే చెందిన గుణం కాదు. ఎదుటి లోహం, దాని నునుపు, లోడు, వేగం, వేడి, గాలిలో తేమ అన్నీ కలిస్తే వచ్చే అంకె అది. ఇవి రాయని ఫలితాన్ని ఇంకొకరి ఫలితంతో పోల్చడానికి వీలుండదు.

పిన్-ఆన్-డిస్క్ మీద, అంటే నీ పదార్థంతో చేసిన పిన్ను కొసను (ముఖాన్ని) తిరిగే ఉక్కు డిస్కు మీద నొక్కి అరగదీసే మెషీన్ మీద చేస్తున్నావు కాబట్టి ఒక లెక్క చూడు. 8 మి.మీ. వ్యాసం ఉన్న పిన్ను మీద 50 న్యూటన్ల లోడు వేస్తే ఒత్తిడి సుమారు 1 మెగాపాస్కల్. ట్రాకు (డిస్కు మీద పిన్ను జారే వలయం) వ్యాసం 80 మి.మీ. అయితే సెకనుకు 1 మీటరు వేగం రావడానికి డిస్కు నిమిషానికి దాదాపు 239 చుట్లు తిరగాలి. 1000 మీటర్లకు 16 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే పుట్టే వేడి 20 వాట్లు. అదంతా గోరంత ముఖం దగ్గర! ఎక్కువ భాగాన్ని ఉక్కు డిస్కు లాగేసుకుంటుంది గానీ, పిన్నులోకి పోయిన కాస్త వేడి అక్కడే నిలిచిపోతుంది. ముఖం ఉష్ణోగ్రత ఎపాక్సీ గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టి పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత) దగ్గరికి వచ్చిందంటే మాట్రిక్స్, అంటే పోగుల చుట్టూ ఉన్న ఎపాక్సీ, మెత్తబడి పోగులను పట్టి ఉంచలేదు. అరుగుదల గ్రాఫు అక్కడ ఉన్నట్టుండి పైకి లేస్తుంది. అందుకే పిన్ను ముఖానికి 3 మి.మీ. పైన సన్న రంధ్రం వేసి, వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టు. లోడు, వేగం ఎప్పుడూ ఒకేసారి మార్చకు. ఏది దెబ్బతీసిందో తర్వాత తేల్చుకోలేవు.

డిస్కు గట్టిపరచిన ఉక్కుదై, సగటు గరుకుతనం (ఆర్ఏ) 0.8 మైక్రాన్లు మించకుండా ఉండాలి. ప్రతి పరీక్షకూ కొత్త ట్రాకు తీసుకో, వ్యాసం మారితే చుట్ల సంఖ్య మళ్లీ లెక్కకట్టు. డిస్కును అసిటోన్‌తో తుడువు, పిన్నుకు మాత్రం దాన్ని తగలనివ్వకు, పాలిమర్ పీల్చుకుంటుంది. పిన్ను ముఖమంతా డిస్కుకు ఆనాలి. డిస్కు మీద 600 నంబరు ఎమరీ పేపరు అంటించి, పిన్నును హోల్డరులోనే ఉంచి తక్కువ లోడుతో కాసేపు తిప్పితే ముఖం సమంగా వస్తుంది. ఆ దుమ్మును మెత్తని బ్రష్షుతో దులిపాకే తూకం.

ఎక్కువమంది దెబ్బతినేది ఈ తూకం దగ్గరే. 8 మి.మీ. వ్యాసం, 30 మి.మీ. పొడవు ఉన్న పిన్ను, సాంద్రత ఘనపు సెం.మీ.కు 1.8 గ్రాములు అయితే, 2.7 గ్రాములు తూగుతుంది. అది గాలిలోంచి 0.1 శాతం తేమ పీల్చినా 2.7 మిల్లీగ్రాములు పెరిగినట్టే. నువ్వు కొలవబోయే అరుగుదలే 3.6 మిల్లీగ్రాములు అయితే ఫలితం ఏమైపోతుందో చూడు! డెసికేటరులో (తేమ లేకుండా ఉంచే మూత పాత్రలో) ఉంచి, బరువు నిలకడగా వచ్చాకే తూచు. పరీక్షకు పెట్టని పిన్ను ఒకటి పక్కనే ఉంచి, దాన్నీ ప్రతిసారీ తూచు. అందులో వచ్చిన తేడాను సవరించుకోవచ్చు. నైలాన్ జోలికి వెళ్తే ఇది మరీ ముఖ్యం, అది తేమను ఇంకా ఎక్కువ పీలుస్తుంది.

మెషీన్ చూపించే ఎత్తు తగ్గుదలను నమ్ముకోకు. మొదట్లో పిన్ను వేడికి వ్యాకోచించి గ్రాఫు మైనస్‌లోకి పోతుంది. తూకంలో పోయిన 3.6 మిల్లీగ్రాములను సాంద్రతతో భాగిస్తే 2 ఘనపు మిల్లీమీటర్లు. దాన్ని లోడు, దూరాల లబ్ధంతో భాగిస్తే విశిష్ట అరుగుదల రేటు, ఇక్కడ 4×10⁻⁵. యూనిట్ ఘనపు మి.మీ. పర్ న్యూటన్ మీటర్ అని తప్పకుండా రాయి.

ఇక పోగుల సంగతి. జారే దిశకు అడ్డంగా పడుకున్న పోగులు తేలిగ్గా విరిగి ఊడతాయి. ముఖానికి నిలువుగా ఉన్నవి కొసలతో లోడు మోస్తాయి. కాబట్టి పిన్ను ఏ దిశలో కోశావో ప్రతి పిన్ను మీదా గుర్తు పెట్టు. విరిగిన గాజు ముక్కలు మధ్యలో చిక్కుకుని డిస్కును గీస్తాయి, పిన్ను నుంచి డిస్కు మీదికి ఎక్కిన పల్చని పొరను కూడా చింపేస్తాయి. అరుగుదలను తగ్గించేది ఆ పొరే. కార్బన్ ఫైబర్ ఉక్కును అంతగా గీయదు, వేడినీ బాగా లాగేస్తుంది. ఘర్షణ తగ్గాలని గ్రాఫైట్ కలిపితే, దానికి తేమ కావాలని మరిచిపోకు. పొడి గాలిలో అది పనిచేయదు. ఇంకొకటి, ఉక్కు మీద జారేటప్పుడు అరుగుదల తగ్గించిన పొట్టి పోగులే ఇసుక రాపిడిలో దాన్ని పెంచవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు ఈ మెషీన్ మీద దొరకదు, రబ్బరు చక్రం పరీక్ష (తిరిగే రబ్బరు చక్రంతో ఇసుకను నమూనాకు రుద్దేది) వేరుగా చేయాలి.

ఒక్కో పరిస్థితికి కనీసం మూడు పిన్నులు నడుపు. తర్వాత ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడు. పోగులు కడిగినట్టు నున్నగా బయటపడితే ఎపాక్సీకీ గాజుకీ అతుకు బలహీనమని అర్థం, పోగుల సైలేన్ పూత (గాజును ఎపాక్సీకి అతికించే రసాయనం) సంగతి చూసుకోవాలి. పోగులకు ఎపాక్సీ ముక్కలు అంటుకుని ఉంటే అతుకు బాగున్నట్టే. మొదటి మూడు పిన్నులు పూర్తికాగానే వాటి ముఖాల ఫొటోలూ, డిస్కు మీది చారల ఫొటోలూ పంపించు. నాలుగోది బిగించే ముందు కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు