ఇంగ్లీషొక్కటే వస్తే మాంట్రియల్‌లో ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది గుంటూరు బ్రాడీపేట. బీకాం చేసి ఇక్కడే ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఐదేళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను, ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు అన్నీ నేనే. మావారికి మాంట్రియల్‌లో ఉద్యోగం, నాకు ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పని చేసుకోవచ్చని అనుమతి) వచ్చింది, ఇంకో నాలుగు నెలల్లో వెళ్తున్నాను. విజయవాడలో మా ఫైలు చూసిన కన్సల్టెన్సీ ఆయన కెనడా అంటే ఇంగ్లీషేనమ్మా, ఏం భయం లేదు అన్నాడు. మా ఆడపడుచు స్నేహితురాలేమో ఫ్రెంచ్ రాకపోతే అక్కడ గిన్నెలు కడిగే పని కూడా ఇవ్వరు అంటోంది. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం, ఇంగ్లీషే కూడబలుక్కుని మాట్లాడతాను, మళ్ళీ ఇంకో భాషంటే గుండెల్లో రాయి పడ్డట్టుంది. ఎవరి మాట నమ్మాలి?
– ఒక చెల్లి, గుంటూరు

జవాబు: చెల్లెమ్మా, ఇద్దరూ సగం సగం చెప్పారు. నేను ఆ ఊళ్ళో ఆరేళ్ళు ఉండి విజయవాడ తిరిగొచ్చినదాన్ని, వెళ్ళేటప్పుడు నాకూ ఇంగ్లీషొక్కటే వచ్చు, కాబట్టి నువ్వు పడుతున్న భయం నాకు బాగా తెలుసు.

కెనడా దేశానికి ఇంగ్లీషు, ఫ్రెంచ్ రెండూ అధికార భాషలు, నిజమే. కానీ మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రానికి మాత్రం ఫ్రెంచ్ ఒక్కటే. 1977లో వాళ్ళు ఫ్రెంచ్ కోసం ఒక చట్టం చేసుకున్నారు, అందరూ బిల్ 101 అంటారు, 2022లో బిల్ 96 అని తెచ్చి దాన్ని ఇంకా గట్టి చేశారు. 2025 జూన్ 1 నుంచి 25 మంది పనిచేసే కంపెనీ కూడా ఆఫీసులో మామూలుగా నడిచే భాష ఫ్రెంచే అని చూపించుకోవాలి, అంతకు ముందు ఇది 50 మంది ఉన్నవాళ్ళకే ఉండేది. వచ్చి ఆరు నెలలు దాటాక గవర్నమెంటు ఆఫీసుల వాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళతో కూడా ఫ్రెంచ్‌లోనే నడపాలని రూలు, హాస్పిటల్ లాంటివాటికి మినహాయింపు ఉందిలే, అంతగా కంగారు పడకు.

అసలు ఇబ్బంది చట్టం కూడా కాదు. మాంట్రియల్‌లో సగం మందికి పైగా జనానికి రెండు భాషలూ వచ్చు. అంటే నువ్వు అప్లై చేసిన ఉద్యోగానికే అప్లై చేసే పక్కింటమ్మాయికి రెండూ వచ్చు, ఇద్దరికీ పని సమానంగా వస్తే వాళ్ళు ఎవర్ని తీసుకుంటారో నువ్వే చెప్పు. మన వన్‌టౌన్‌లో బట్టల కొట్టు మార్వాడీ వాళ్ళని చూడు, వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషే మాట్లాడుకుంటారు గానీ గిరాకీ రాగానే రండమ్మా కూర్చోండి అంటారు, వాళ్ళ కొట్లో తెలుగు ముక్క రాని సేల్స్‌బాయ్‌ని ఎన్నాళ్ళు పెట్టుకుంటారు?

నాకు జరిగింది ఒకటి చెప్తాను. వెళ్ళిన రెండో నెలలో ఒక క్లినిక్‌లో రిసెప్షన్ పనికి అప్లై చేశాను, ఇంట్లో పప్పు తాలింపు పెడుతుంటే ఫోన్ మోగింది, ఎత్తగానే అవతల ఒకావిడ బోంజూర్ అని మొదలుపెట్టి గడగడా ఏదో అడిగేసింది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, చేతులు వణికిపోయి ఫోన్ పెట్టేశాను, తాలింపు మాడిపోయింది. ఆ తర్వాత వారం రోజులు తెలీని నంబరైతే ఎత్తనే లేదు, ఆ వారంలో ఎన్ని ఇంటర్వ్యూలు పోయాయో దేవుడికే తెలియాలి. చివరికి కింది ఫ్లాట్‌లో ఉండే ముసలావిడ నాకు రెండు మాటలు నేర్పింది. "బోంజూర్, జాప్రాన్ ల ఫ్రాన్సే. ఆంగ్లే, సిల్ వు ప్లే?" నేను ఫ్రెంచ్ నేర్చుకుంటున్నానండీ, దయచేసి ఇంగ్లీషులో మాట్లాడతారా అని. ఈ రెండు మాటలు అన్నాక పదిమందిలో ఎనిమిది మంది గొంతు మెత్తబడి ఇంగ్లీషులోకి వచ్చేసేవాళ్ళు. నేరుగా హలో అని ఇంగ్లీషులో మొదలుపెడితే మాత్రం అంత మర్యాద దొరకదు. వాళ్ళ భాష పోతుందేమోనని వాళ్ళకి బెంగ, చుట్టూ ఖండమంతా ఇంగ్లీషే కదా, ఆ బెంగని మనం గౌరవించాలి. కొట్లలో "బోంజూర్, హాయ్" అని రెండూ కలిపి పలకరించడం మీద 2017లో వాళ్ళ అసెంబ్లీ, బోంజూర్ ఒక్కటే చాలని ఏకగ్రీవంగా తీర్మానం చేసిందంటే ఎంత పట్టింపో చూడు.

ఇంక నీ ఉద్యోగం సంగతి. నువ్వు అకౌంట్స్ మనిషివి కావడం నీ అదృష్టం. ఎదురుగా గిరాకీతో మాట్లాడే పనులు, కౌంటరు, రిసెప్షన్, కస్టమర్ ఫోన్లు, ఇవి మొదట్లో వదిలెయ్. వెనక కూర్చుని చేసే పనులు పట్టుకో, అకౌంట్స్ పేయబుల్, ఇన్వాయిస్ ఎంట్రీ, పేరోల్ హెల్పరు లాంటివి, అందులోనూ అమెరికాకీ టొరంటోకీ సరుకు అమ్మే కంపెనీల్లో రోజంతా ఇంగ్లీషే నడుస్తుంది. ఊరికి పడమటి వైపు, డోర్వాల్, పాయింట్ క్లెయిర్, సెయింట్ లారెంట్ ఇండస్ట్రియల్ ఏరియా, అటు వెతుకు, తూర్పుకి వెళ్ళేకొద్దీ ఫ్రెంచ్ ఎక్కువ. మెక్‌గిల్, కాంకోర్డియా ఇంగ్లీషు యూనివర్సిటీలు, వాటి ఆఫీసుల్లో పోస్టులు పడుతుంటాయి, అక్కడ కూడా కొంచెం ఫ్రెంచ్ అడుగుతారు గానీ గట్టిగా కాదు. ఇంగ్లీషువాళ్ళకి ఉద్యోగాలు వెతికిపెట్టడంలో సాయం చేసే యెస్ అనే సంస్థ ఉంది, వెళ్ళిన మొదటి వారంలోనే అక్కడికి వెళ్ళు, సీవీ వాళ్ళ పద్ధతిలో రాయించుకో. ఫొటో, పుట్టిన తేదీ, పెళ్ళయిందా, తండ్రి పేరు, ఇవేవీ ఉండకూడదు అందులో, మన బయోడేటా అలవాటు ఇక్కడే వదిలేసి వెళ్ళు.

యాడ్‌లో బైలింగ్వల్, అంటే రెండు భాషలూ రావాలి అని కనపడగానే వెనక్కి తగ్గకు. చాలామంది అలవాటుగా రాసేస్తారు. కింద పనులేంటో చదువు, కస్టమర్లతో ఫోన్ అని ఉంటే వదిలెయ్, వెండర్ బిల్లులు, బ్యాంకు రీకన్సిలియేషన్ అని ఉంటే పంపించు. సీవీలో ఫ్రెంచ్: బిగినర్, క్లాసులకి వెళ్తున్నాను అని ఉన్నది ఉన్నట్టు రాయి. అబద్ధం మాత్రం వద్దమ్మా, ఇంటర్వ్యూలో రెండో నిమిషంలోనే దొరికిపోతావ్.

ట్యాలీ అక్కడ పెద్దగా వాడరు. క్విక్‌బుక్స్, సేజ్ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకో, నీకు ఒక నెల చాలు, డెబిట్ క్రెడిట్ ఎక్కడైనా ఒకటే కదా. అక్కడ జీఎస్టీ 5 శాతం, దానితో పాటు క్యుబెక్ వాళ్ళ పన్ను 9.975 శాతం విడిగా ఉంటుంది, ఫ్రెంచ్ బిల్లు మీద వీటినే టీపీఎస్, టీవీక్యూ అని రాస్తారు. ఇన్‌కమ్ టాక్స్ కూడా కేంద్రానికొకటి, రాష్ట్రానికొకటి, రెండు రిటర్నులు. ఇంటర్వ్యూలో ఈ రెండు ముక్కలు చెప్పగలిగితే కొత్తగా వచ్చినదానివని అనుకోరు.

ఈ నాలుగు నెలల్లో ఫ్రెంచ్ అంతా నేర్చేసుకోవాలని బెంగ పెట్టుకోకు. నీ పనికి సంబంధించిన ఒక వంద మాటలు పట్టు. ఫాక్త్యూర్ అంటే బిల్లు, సోల్డ్ అంటే బ్యాలెన్స్, ఫుర్నిసర్ అంటే సప్లయర్. తర్వాత అంకెలు, అకౌంట్స్ వాళ్ళకి ప్రాణం కదా, అవి మాత్రం తిరకాసుగా ఉంటాయి. 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 97 అనాలంటే నాలుగు ఇరవైలు పది ఏడు అనాలి. ఎవరైనా ఫోన్‌లో నాలుగు ఇరవైలు అనగానే నువ్వు 4, 20 అని రాసేసుకుంటే పనైపోయినట్టే. నేను అలా ఒకరి ఫోన్ నంబరు మూడుసార్లు తప్పు రాసుకున్నాను. రోజూ కోల్డ్ స్టోరేజీలో బస్తాల లెక్క చూసేటప్పుడు మనసులో ఫ్రెంచ్‌లో అనుకో.

ఇంకో సంతోషమైన మాట. క్యుబెక్ వాళ్ళ యాసలో 'త్యు' అనే మాట, నువ్వు అని అర్థం, అది మన చుక్క, చూపులో వచ్చే చ లాగా వినపడుతుంది, సోమవారం అంటే లండీ, అందులో డీ మన జున్నులో జ లాగా పలుకుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఆ శబ్దం పట్టుకోడానికి అవస్థ పడతారు, గుంటూరు పిల్లవి, నీకు పుట్టుకతో వచ్చిన శబ్దం అది. నా ఉచ్చారణ బాగుందని క్లాసులో టీచర్ అన్నప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

వెళ్ళాక ఫ్రాన్సిజాసియో క్యుబెక్ అనే గవర్నమెంటు సంస్థలో పేరు రాయించుకో, 2023 జూన్ నుంచి గవర్నమెంటు ఫ్రెంచ్ క్లాసులన్నిటికీ అదే గుమ్మం, ఫీజు లేదు, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకి కూడా ఇస్తారు, ఆన్‌లైన్, సాయంత్రం క్లాసులు కూడా ఉంటాయి. కానీ 2024లో డబ్బుల్లేక చాలా సెంటర్లలో క్లాసులు ఆపేశారు, కాబట్టి సెటిలయ్యాక చూద్దాంలే అనుకోకుండా దిగిన వారంలోనే లైన్లో ఉండు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మొదటి ఉద్యోగం ఇంగ్లీషుతో వస్తుంది, నాకూ వచ్చింది, ఒక గోడౌన్ ఆఫీసులో డేటా ఎంట్రీ. మూడేళ్ళు చేశాను. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితే నా తర్వాత వచ్చినమ్మాయికి ఇచ్చారు, పని నేనే నేర్పాను ఆ అమ్మాయికి, కానీ డ్రైవర్లతో ఫ్రెంచ్‌లో మాట్లాడగలిగింది తనే. ఆ రోజు మెట్రోలో ఇంటి దాకా ఏడుస్తూనే వచ్చాను. మూడేళ్ళు నా సాయంత్రాలు ఎటు పోయాయా అని. నీకు అలా జరగకూడదు.

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడ పటమటలో ప్రైవేటు హాస్పిటల్‌లో స్టాఫ్ నర్సుని. మా అన్నయ్య వాళ్ళు మాంట్రియల్‌లో ఉన్నారు, రమ్మంటున్నారు. అక్కడ ఇంగ్లీషు హాస్పిటళ్ళు ఉన్నాయట కదా, ఫ్రెంచ్ లేకుండా నర్సుగా చేరొచ్చా?

జవాబు: హాస్పిటళ్ళు ఉన్న మాట నిజం, కానీ లైసెన్స్ ఇచ్చేది హాస్పిటల్ కాదమ్మా, క్యుబెక్ నర్సుల ఆర్డర్, అంటే మన నర్సింగ్ కౌన్సిల్ లాంటిది. నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఇంజనీర్లు, ఇలా ఆర్డర్లో నమోదు కావాల్సిన ఉద్యోగాలన్నిటికీ వృత్తికి సరిపడా ఫ్రెంచ్ వచ్చని రుజువు చూపాలని ఆ 1977 చట్టంలోనే ఉంది. పైన గుంటూరు చెల్లికి చెప్పిన ధైర్యం నీకు చెప్పలేను. నర్సు పనే చెయ్యాలని ఉంటే ముందు హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో క్లాసుల్లో చేరు, లేదా అన్నయ్య మీద బెంగ కాస్త పక్కన పెట్టి అంటారియో లాంటి ఇంగ్లీషు రాష్ట్రం చూసుకో, టొరంటో నుంచి మాంట్రియల్‌కి ట్రైన్‌లో ఐదారు గంటలే, పండగలకి వెళ్ళి రావొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడ ఇంగ్లీషు యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. చదువైపోగానే పీఆర్ (అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) వస్తుందని చేర్పించినప్పుడు చెప్పారు. ఇప్పుడు ఫ్రెంచ్ కావాలంటున్నాడు. నిజమేనా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: నిజమేనండీ, మీవాడు మిమ్మల్ని మభ్యపెట్టట్లేదు. పీఆర్ కోసం మిగతా కెనడాకి ఉన్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి క్యుబెక్‌లో ఉండదలుచుకున్నవాళ్ళకి పనికిరాదు, క్యుబెక్ తన మనుషుల్ని తనే ఎంచుకుంటుంది. అక్కడ చదివినవాళ్ళకి ఉండే పీఈక్యూ అనే దారిని 2025 నవంబర్ 19న మూసేశారు, తర్వాత వచ్చిన పద్ధతిలో ఫ్రెంచ్‌కి చాలా బరువుంది. రూల్స్ మారుతూనే ఉంటాయి కాబట్టి ఏజెంటు మాట కాకుండా క్యుబెక్ ప్రభుత్వం వెబ్‌సైట్‌లో అబ్బాయినే చూసుకోమనండి. ఈ నెల డబ్బులు పంపేటప్పుడు ఫ్రెంచ్ పరీక్ష ఫీజు కూడా కలిపి పంపండి, వాడు మొహమాటపడి అడగలేకపోతున్నాడేమో.