మెడ పైభాగంలో వేసిన స్క్రూలు, రాడ్లు జీవితాంతం ఉంచేస్తారా? ఎమ్మారై చేయించుకోవచ్చా?

ఉంచేస్తారు. ఇబ్బంది పెడితే తప్ప తీయరు. టైటానియంవైతే ఎమ్మారైకి సాధారణంగా అడ్డు ఉండదు, ఆ చుట్టుపక్కల మాత్రం బొమ్మ కాస్త చెదిరి కనబడుతుంది. మీ ప్రశ్నకి జవాబు ఇంతే. కానీ అందరూ లోహం గురించే టెన్షన్ పడతారు, అసలు అడగాల్సింది వేరే ఉంది.

మా అమ్మకి చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. మెడలో మొదటి రెండు పూసల్ని పట్టి ఉంచే లిగమెంటు వదులైపోయి, తల వంచినప్పుడల్లా పై పూస ముందుకి జారుతోందని చాలాకాలం ఎవరికీ తట్టలేదు. చేతులు తిమ్మిరెక్కుతున్నాయన్నా, బొత్తాలు పెట్టుకోలేకపోతున్నానన్నా కీళ్ల జబ్బేలే అని కొట్టిపారేశారు. తల వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి ఎక్స్‌రే తీయడానికి ఏం రోగమో!

ఆ రెండు పూసల్నీ స్క్రూలు, రాడ్లతో బిగించే ఆపరేషన్‌కి ముందు సర్జన్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి సీటీ స్కాన్ పొర పొరగా జరుపుతూ చూపించారు. మెదడుకి రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ఆర్టరీ రెండో పూసలోంచి వంపు తిరిగి పైకి వెళుతుంది. అమ్మకి ఎడమవైపు మామూలుగానే ఉంది, కుడివైపు మాత్రం బాగా ఎత్తులో ఉండి, స్క్రూ వెళ్లాల్సిన చోట ఎముకే సన్నబడిపోయింది. "ఇటు ఆ దారిలో వెళ్లను, పూస వెనక పలకలో అడ్డంగా వేస్తాను" అన్నారు. అమ్మ ఊరుకుంటుందా, "రెండువైపులా రెండు రకాలుగా వేస్తే తల వంకరగా నిలబడదా డాక్టరు గారూ?" అంది. ఆయన నవ్వి, స్క్రూ తల అన్నివైపులకీ తిరుగుతుందని, రాడ్‌ని అందులో కూర్చోబెట్టి బిగిస్తామని నమూనా పూసల మీద చేసి చూపించారు. స్కాన్‌లో రక్తనాళం ఎక్కడుందో ఇలా చూపించని సర్జన్ అయితే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, మొహమాటం వద్దు.

అన్నట్టు ఈ రెండు పూసల్ని ఒకప్పుడు వైరుతో కట్టేవాళ్లు. రెండు పూసల్లోనూ స్క్రూలు వేసి ప్లేటుతో కలిపే పద్ధతిని 1994లో ప్రచురించింది ముంబై సర్జన్ అతుల్ గోయల్, ప్లేటు బదులు రాడ్లతో 2001లో ప్రచురించింది జర్మనీకి చెందిన హార్మ్స్. చాలామంది హార్మ్స్ పేరొక్కటే చెప్పి ఊరుకుంటారు, నాకు అదొక మంట.

ఈ లోహమంతా స్లాబు గట్టిపడేదాకా పెట్టే సెంట్రింగు లాంటిది. ఆ రెండు పూసలూ ఒకదానికొకటి అతుక్కోకపోతే ఎంత మంచి స్క్రూ అయినా ఏదో ఒకరోజు వదులవుతుంది, లేదా విరుగుతుంది. అందుకే అవి అతుక్కోవడానికి పెట్టే ఎముక ముక్క (గ్రాఫ్ట్) ఎక్కడినుంచి తీస్తారో అడగండి (అమ్మకి మెడకన్నా తుంటి దగ్గర తీసినచోటే ఎక్కువ నొప్పి), సిగరెట్ అలవాటుంటే మానేయండి. తల పక్కకి తిరగడంలో దాదాపు సగం ఈ రెండు పూసల మధ్యే జరుగుతుంది, అది మళ్లీ రాదు. వెనకనుంచి పిలిస్తే అమ్మ ఇప్పుడు భుజాలతో సహా తిరుగుతుంది. డ్రైవింగ్ చేసేవాళ్లు దీని గురించి ముందే మాట్లాడుకోవాలి.

ఇంకోటి. డిశ్చార్జి కాగితంలో "స్క్రూలతో ఫిక్స్ చేశాం" అని ఒక్క ముక్క రాసిచ్చారు. తర్వాత భుజానికి ఎమ్మారై రాస్తే, ఆ సెంటర్‌వాళ్లు ఏ లోహం, ఏ కంపెనీ అని తేలేదాకా మిషన్ ఎక్కించేది లేదన్నారు. ఆపరేషన్ థియేటర్‌లో, వేసిన స్క్రూల, రాడ్ల వివరాలుండే ఇంప్లాంట్ స్టిక్కర్లు ఒక కాగితానికి అంటిస్తారు, దాని కాపీ ఇంటికెళ్లే రోజే అడిగి తీసుకోండి. ఆ తర్వాత అడిగితే రికార్డు రూము తాళం ఎవరి దగ్గరుందో కూడా చెప్పేవాడు దొరకడు.