ఇంట్లో మూడు భాషలు వినిపిస్తే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయా?

కావు, ఇంట్లో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్ మూడూ వినిపించినంత మాత్రాన పిల్లలకు మాటలు ఆలస్యం కావు. ఆలస్యమైనట్టు కనిపించేది ఎక్కువగా మన లెక్క వల్లే. వాళ్లకు వచ్చిన మాటలు భాషల మధ్య పంచుకుని ఉంటాయి. ఒక్క తెలుగే లెక్కేస్తే మిగతావి తప్పిపోతాయి.

మెహదీపట్నంలో రెండేళ్ల పాప ఉందనుకోండి. అమ్మమ్మ దగ్గర ‘బువ్వ’ అంటుంది, పక్కింటి ఆంటీ దగ్గర ‘పానీ’, నాన్నతో ‘బాల్’. అన్నీ కలిపి 50 మాటలు దాటి, ‘పానీ కావాలి’ అని రెండు మాటలు జోడిస్తుంటే ఆ వయసుకు బాగానే ఉన్నట్టు. అలా కలపడం తికమక కాదు. హైదరాబాద్‌లో పెద్దలం చేసేదీ అదే కదా!

మాటలు పెరిగేది మాత్రం మనం బదులు పలికితేనే. చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే పాప ‘కాయ’ అంటుంది. ‘అవును, పచ్చ చిక్కుడుకాయ, లోపల గింజ చూడు’ అని మనం పొడిగించాలి. ఫోన్‌లో రైమ్స్ పెడితే చాలనుకోవడం పెద్ద అపోహ, స్క్రీన్ పాప మాటకు బదులివ్వదు. స్కూల్ టెన్షన్‌తో ఇంట్లో తెలుగు మానేయడం ఇంకో పొరపాటు. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోతే తప్పు భాషల మీదకు నెట్టకండి, పిల్లల డాక్టర్‌కు చూపించి వినికిడి పరీక్ష చేయించండి.