మీ ప్రశ్న - మా జవాబు: యేసు దేవుడని ఓటేసి తేల్చారా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. యేసు మామూలు బోధకుడేనంట, 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో బిషప్పుల్ని కూర్చోబెట్టి ఓటింగ్ పెట్టించి ఆయన్ని దేవుణ్ణి చేశాడంట. ఫ్రెండ్స్ అడిగితే నాకేం చెప్పాలో తోచలేదు. నిజంగా అలాగే జరిగిందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తమ్ముడూ, సభ జరిగింది నిజం, చక్రవర్తి పిలిపించింది కూడా నిజమే, కానీ అసలు అక్కడ గొడవ దేని గురించో ఆ వీడియోలో చెప్పినట్టు లేరు. ఐగుప్తులోని అలెగ్జాండ్రియా సంఘంలో అరియస్ అని ఒక పెద్ద ఉండేవాడు. ఆయన కూడా యేసు మామూలు మనిషి అనలేదయ్యా! లోకం పుట్టకముందే కుమారుడు, అంటే యేసు, ఉన్నాడు, ఆయన ద్వారానే అన్నీ కలిగాయి అనే చెప్పాడు, కాకపోతే తండ్రి ఆయన్ని సృష్టించాడు, కుమారుడు లేని సమయం ఒకటి ఉండేది అన్నాడు. కాదు, కుమారుడు సృష్టింపబడినవాడు కాదు, తండ్రితో ఏకతత్వం గలవాడు, అంటే తండ్రి ఏ స్వభావమో కుమారుడూ అదే స్వభావం అని సభ రాసింది. వచ్చిన వందల మంది బిషప్పుల్లో చివరిదాకా సంతకం పెట్టనివాళ్ళు ఇద్దరే. బోధకుడా దేవుడా అనే చర్చ అక్కడ లేనే లేదు, ఓడిపోయినాయన కూడా ఆ మాట అనలేదు.

ఇంకోటి. చక్రవర్తి బలవంతం మీదే ఇదంతా నిలబడింది అనుకుంటే, తర్వాత కాన్‌స్టంటైన్ కొడుకు కాన్‌స్టాంటియస్ నైసియా విశ్వాసానికి వ్యతిరేకంగా ఉన్నవాళ్ళ పక్షాన నిలిచాడు, నైసియా మాట మీద గట్టిగా నిలబడ్డ అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్‌ని మొత్తం ఐదుసార్లు ఊరు వదిలి వెళ్ళగొట్టారు. అయినా ఆ విశ్వాసం పోలేదు. రాజుల పని అనుకోడానికి ఇది కుదరదు.

మీ ఫ్రెండ్స్‌కి ముందు చెప్పాల్సింది ప్లినీ సంగతి. నైసియా ఊరు బితూనియ ప్రాంతంలోది, ఇప్పటి టర్కీ ఉత్తరాన. అదే ప్రాంతానికి సుమారు 112లో, అంటే సభకి రెండొందల ఏళ్ళ పైన ముందు, ప్లినీ అనే రోమా గవర్నర్ ఉండేవాడు. ఆయన క్రైస్తవుడు కాదు, క్రైస్తవుల్ని విచారించి శిక్షించినవాడు. ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో ఏమంటాడంటే, వీళ్ళు ఒక నియమిత దినాన తెల్లారకముందే కూడుకుని, దేవుడికి పాడినట్టు క్రీస్తుకి పాట పాడుతున్నారు అని. ఎవరూ ఓటెయ్యకముందే, ఆదరించే రాజు లేనప్పుడే, చీకట్లో లేచి పాడుతున్నారు మరి.

బైబిల్లో చూడాలంటే అపొస్తలుల కార్యములు 10 తియ్యి. కొర్నేలీ అనే రోమా శతాధిపతి పేతురు కాళ్ళ మీద పడితే పేతురు లేవనెత్తి నేను కూడా మనిషినే అన్నాడు. 14లో లుస్త్ర ఊళ్ళో జనం పౌలునీ బర్నబానీ దేవతలనుకుని బలి అర్పించబోతే ఇద్దరూ బట్టలు చింపుకుని అడ్డుపడ్డారు. యూదులకి మనిషిని మొక్కడం అంత భయంకరమైన విషయం. ఇప్పుడు యోహాను 20 చదువు. తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు యేసు వద్దనలేదు, సరిదిద్దలేదు, నమ్మావు అన్నాడు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అనే వాక్యం కూడా అదే సువార్తలో ఉంది, దాన్ని దాచొద్దు, కానీ ఆ సువార్త మొదటి వచనంలోనే వాక్యము దేవుడై యుండెను అని ఉంది, అక్కడ వాక్యము అంటే యేసే. రెండూ రాసింది ఒకే చెయ్యి, రెండూ కలిపే చదవాలి.

ప్రశ్న: బ్రదర్, చిన్నప్పట్నుంచీ చర్చికి వెళ్తున్నా, యేసు దేవుడని ఒప్పుకుంటా. కానీ ప్రార్థన చేసేటప్పుడు ఒక్కోసారి ఇదంతా నిజమేనా అనిపిస్తుంది. మా అత్తగారితో అంటే నీకు అసలు విశ్వాసమే లేదు అన్నారు. అప్పట్నుంచీ చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోడానికి భయంగా ఉంది.
- పేరు వద్దన్న సోదరి, రాజమండ్రి

జవాబు: అమ్మా, మీ అత్తగారు మీ మేలు కోరే అని ఉంటారు, కానీ ఆ మాట సరైంది కాదు. ఒప్పుకోవడం ఒక్కటే విశ్వాసమైతే యాకోబు పత్రికలో దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయి కదా, వాటికి డౌటే లేదు! వాటికి లేనిది ఆయన మీద ఆనుకోవడం. పైన చెప్పిన ప్లినీ ఉత్తరంలోనే ఇద్దరు దాసీలు ఉన్నారు, సంఘంలో పరిచారికలు, నిజం చెప్పించడానికని వాళ్ళని హింసించాడు. క్రీస్తుని దూషించి చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేస్తే వదిలేసేవాడు, నిజమైన క్రైస్తవుల చేత ఆ పని చేయించలేం అంటారు అని ఆయనే రాశాడు. ఏకతత్వం అనే మాట అప్పటికి పుట్టలేదు, అయినా ఎవర్ని వదులుకోకూడదో వాళ్ళకి తెలుసు. నమ్మడం అంటే నాకు ఇదే కనపడుతుంది.

మరి సందేహం సంగతా? మార్కు 9లో పిల్లాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడ్చాడు, యేసు ఆ పిల్లాణ్ణి బాగుచేశాడు, ముందు డౌట్లు తీర్చుకుని రా అనలేదు. మత్తయి 28:17లో లేచిన ప్రభువుని కళ్ళారా చూసి మొక్కినవాళ్ళలో కూడా కొందరు సందేహించారు, ఆ తర్వాత వచనాల్లోనే ఆయన వాళ్ళని సమస్త జనుల దగ్గరికి పంపాడు. మీరు డౌట్‌ని ఆయనకే చెప్పుకుంటున్నారు కదమ్మా, వదిలేసి పోవట్లేదు కదా. వచ్చే ఆదివారం వెళ్ళి బల్ల తీసుకోండి, ముందు రోజు మీ పాస్టర్ గారితో ఒకసారి మాట్లాడి ప్రార్థన చేయించుకోండి.