గీత తొక్కిందని చెబితే తప్పా?

ప్రశ్న: టీచరమ్మ గారూ, మా అమ్మాయి నాలుగో తరగతి. లెక్కలు నోటితోనే చేసేస్తుంది. మిగతా పిల్లల నోటుపుస్తకాలు కూడా వాళ్ల టీచరు దీని చేతే దిద్దిస్తారు. కానీ ఇంటర్వెల్‌లో ఎవరూ ఆటకు పిలవరు. తొక్కుడుబిళ్ల ఆడేటప్పుడు ‘నీ కాలు గీత మీద పడింది’ అని మాటిమాటికీ ఆట ఆపుతుందట. పోయిన శనివారం ఏడుస్తూ వచ్చింది. ‘తెలివైన పిల్లలు ఇంతే’ అంటారు మా వారు. బడి మార్చమంటారా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: మార్చవద్దమ్మా. మీ వారి మాట కూడా నేను ఒప్పుకోను. లెక్క చేసే తెలివి వేరు, ఎదుటివారి మనసులో ఏముందో పోల్చుకునే తెలివి వేరు. రెండోది కూడా నేర్చుకుంటేనే వస్తుంది.

1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు చిన్నపిల్లలకు ఒక కథ చెప్పారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను అలమరలో పెట్టి ఆటకు వెళ్తాడు. తల్లి దాన్ని వేరే అలమరలోకి మారుస్తుంది. వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాలామంది చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకు తెలిసింది వాడికీ తెలుసనుకుంటారు. నాలుగైదేళ్లకు ఎక్కువమంది సరిగ్గా చెబుతారు. మీ అమ్మాయి కూడా చెప్పేస్తుంది. అయితే ఆట మంచి ఊపులో ఉన్నప్పుడు, నలుగురిలో తప్పు ఎత్తిచూపితే ఎదుటి పిల్లకు ఎంత చిన్నతనంగా ఉంటుందో తోచడానికి ఇంకా సాధన కావాలి.

2,096 మంది పిల్లలపై జరిగిన 20 అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఎదుటివారి మనసు తెలిసిన పిల్లలను తోటివారు కొంత ఎక్కువగా ఇష్టపడతారని తేలింది. ఆ సంబంధం చిన్నదే. మనసు తెలిసీ గుచ్చి ఏడిపించే పిల్లలనూ నేను చూశాను.

మిర్యాలగూడ దగ్గర పనిచేసినప్పుడు నా తరగతిలో ఒక అబ్బాయికి ఏడో ఎక్కం వచ్చేది కాదు. ఆదివారాలు మేకలు కాసేవాడు. కబడ్డీకి జట్లు కడితే మాత్రం అందరూ ముందు వాడినే కోరుకునేవారు. ఎందుకని అడిగితే ఒక పిల్ల అంది: ‘ఓడినవాళ్లను వాడు వెక్కిరించడు టీచర్.’ ఇన్నేళ్లయినా ఆ మాట మరచిపోలేదు.

సాయంత్రం పాప ఇంటికి రాగానే మార్కులు అడగకండి. ‘గీత తొక్కావని నువ్వన్నప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా అయింది? ఏమనుకుని ఉంటుంది?’ అని అడగండి. తప్పు చేశావన్నట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగాలి. గీత తొక్కడం తొక్కడమే, పాప చెప్పింది అబద్ధం కాదు. ఆ మాట కూడా తనతో అనండి. ఈసారి బతుకమ్మకు తంగేడు, గునుగు తెంపడానికి తరగతిలో ఒక్క పిల్లను తోడు తీసుకెళ్లండి. అయిదుగురు వద్దు, ఒక్కరు చాలు. పూలు కోయడంలో గెలుపోటములు లేవు, ఎవరి తప్పూ ఎవరూ పట్టనక్కరలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధించింది నోటుపుస్తకాల సంగతి. తరగతిలో తోటివారి తప్పులు దిద్దే పని అప్పగించి, ఆటలో మాత్రం దిద్దవద్దంటే తొమ్మిదేళ్ల పిల్లకు ఎలా అర్థమవుతుంది? రేపే బడికి వెళ్లి టీచరుతో మర్యాదగా మాట్లాడండి. ఎర్ర పెన్ను వెనక్కి తీసుకుని, లెక్కలు రాని ఒక పిల్ల పక్కన పాపను కూర్చోబెట్టమని అడగండి. ఇద్దరూ కలిసి ఒకే పలక మీద లెక్క చేయాలి.