ఫారంలో ‘లేదు’ అని మాత్రం టిక్కు పెట్టకు

చిన్నీ,

థెరపీకి వెళ్తానన్నావని మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూనే చెప్పింది. నాకు దిగులేసింది, అంతకంటే ఎక్కువ గర్వంగానూ ఉంది. ‘వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి’ అని వేళాకోళమాడే ఊళ్ళో, నాకు నిద్ర పట్టట్లేదు, సాయం కావాలని నోరు తెరిచి అడగడం తేలిక కాదురా.

మందులు రాసేది సైకియాట్రిస్టు, కూర్చోబెట్టి మాట్లాడించి థెరపీ చేసేది క్లినికల్ సైకాలజిస్టు. నిద్రా ఆకలీ రెండూ పోతే ముందు సైకియాట్రిస్టుకి చూపించుకో. సైకాలజిస్టునైతే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, మొహమాటపడకు. నంబరు అడిగినందుకు చిరాకుపడే చోటికి అసలు వెళ్ళకు. నాలుగు సెషన్లయినా మనసు విప్పలేకపోతే మనిషిని మార్చు. డిప్రెషన్ మందులు పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. కాస్త తేలికపడగానే నీ అంతట నువ్వే ఆపేశావంటే ఊరుకోను.

ఇక డబ్బు సంగతి. శరీరానికొచ్చే జబ్బులతో సమానంగా మానసిక వ్యాధులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అది చూసి ప్రతి వారం ఫీజూ వెనక్కొస్తుందనుకోకు. మామూలు పాలసీ ఆస్పత్రిలో చేరితేనే ఇస్తుంది. థెరపీ ఫీజు రావాలంటే ఓపీడీ కవరు, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకున్న ఖర్చులకీ డబ్బులిచ్చేది, ఉండాలి, అందులోనూ సైకాలజిస్టు బిల్లు తీసుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా అడుగు. మీ ఆఫీసులో ఉచిత కౌన్సెలింగ్ సెషన్లు ఉన్నాయేమో కూడా కనుక్కో.

సొంతంగా ఇంకో పాలసీ తీసుకుంటానన్నావట. నా భయమంతా అక్కడే. ఆ ఫారంలో ‘ఏదైనా జబ్బుకి చికిత్స తీసుకున్నారా, మందులు వాడుతున్నారా’ అని ఉంటుంది, పక్కన అవును, లేదు అని రెండు గళ్ళు. కమిషన్ కోసం ఏజెంటూ, పెళ్ళి సంబంధాలు చెడతాయని ఇంట్లోవాళ్ళూ ‘లేదు’ మీదే టిక్కు పెట్టిస్తారు. మన ఇళ్ళల్లో పాతుకుపోయిన తప్పు ఇది. రెండేళ్ళ తర్వాత డెంగ్యూతో చేరావనుకో. డ్యూటీ డాక్టరు పాత జబ్బులేమిటని అడుగుతాడు, జ్వరంలో నిజమే చెబుతావు. డిశ్చార్జి కాగితంలో ఒక మూల ‘రెండేళ్ళకు పైగా డిప్రెషన్, మందులు వాడుతున్నారు’ అని పడుతుంది. కంపెనీవాళ్ళు ఆ ఒక్క లైను పట్టుకుంటారు. దాచారని క్లెయిము తోసిపుచ్చి, పాలసీనే రద్దు చెయ్యొచ్చు. డిప్రెషన్‌కీ డెంగ్యూకీ సంబంధమేమిటని నువ్వు వాదించాలి, సెలైన్ బాటిల్ పక్కన కూర్చుని!

నిజం రాస్తే ప్రీమియం పెరగొచ్చు, పాత జబ్బుకి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. ఒక్కోసారి పాలసీ ఇవ్వమనీ అనొచ్చు, అప్పుడు ఇంకో కంపెనీ చూద్దాం. పాలసీ చేతికొచ్చేదాకా డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దనే సలహా మాత్రం ఎవరు చెప్పినా వినకు, మీ నాన్నయినా సరే. నీ వైద్యం వివరాలు గుట్టుగా ఉంచాలని కూడా ఆ చట్టంలోనే ఉంది, సంబంధాల భయం పెట్టుకోకు.

బిల్లు మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉన్నాయో చూసుకుని ఫోటో తీసిపెట్టు. అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. వాళ్ళూ కాదంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చడానికి హైదరాబాద్‌లోనే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజూ లాయరూ అక్కర్లేదు.

అర్ధరాత్రి మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్. డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ తర్వాత నాకు చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను. ఫారం మీద సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపు.

పిన్ని